బరువు నడిచే దారి

2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ క్రీడల బ్యాడ్మింటన్ ఫైనల్ జరిగింది. మన పి.వి. సింధు కెనడా క్రీడాకారిణి మిషెల్ లీని వరస గేముల్లో ఓడించి స్వర్ణం అందుకుంది. క్వార్టర్ ఫైనల్లోనే నొప్పి మొదలైందని, ఫైనల్ నాటికి అది భరించరానంతగా పెరిగిందని తరవాత తనే చెప్పింది. హైదరాబాదు తిరిగి రాగానే ఎంఆర్‌ఐ తీయించుకుంటే ఎడమపాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ఆమె వెళ్ళలేకపోయింది. మళ్ళీ అంతర్జాతీయ పోటీలో దిగింది 2023 జనవరిలోనే.

ఎముక పగిలిందనగానే ఎక్కడ పడిందని అడుగుతారు. స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు పడనక్కర్లేదు. ఒక దెబ్బకు చెక్కుచెదరని ఎముక, ఆ దెబ్బే వేలసార్లు తగిలితే లోపల సన్నగా చీలుతుంది. ఎముక ప్రాణమున్న కణజాలం. కొత్తగా బరువు పెరిగితే తనను తాను తిరిగి కట్టుకుంటుంది. అయితే ముందు పాత ఎముకను తవ్వి తీసే కణాలు పనిలో దిగుతాయి, కొత్త ఎముకను నింపే కణాలు వాటి వెనక వస్తాయి. తవ్వకం రెండు మూడు వారాల్లో అయిపోతుంది. నింపడానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. శిక్షణ మొదలైన నెలలోపే కొత్తవాళ్ళ కాళ్ళు దెబ్బతినడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ జబ్బును మొదట వర్ణించినవాడు ఒక సైనిక వైద్యుడు. 1855లో ప్రష్యా సైన్యంలోని బ్రైట్‌హౌప్ట్, కవాతు చేసే జవాన్ల పాదాలు వాచి నొప్పి పెట్టడం గమనించి రాశాడు. ఎముకలో పగులుందని ఆయనకు తెలిసే వీలు లేదు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. ఆ తరవాతే పాదం మధ్యలోని పొడుగాటి ఎముకల మీద సన్నని గీతలు బయటపడ్డాయి. ఇవాళ్టికీ దాన్ని మార్చ్ ఫ్రాక్చర్ అంటారు. మొదటి రెండు మూడు వారాలు ఈ పగులు ఎక్స్‌రేకి కూడా దొరకకపోవచ్చు. ఫిల్మ్ బాగుంది కాబట్టి పరిగెత్తవచ్చు అనుకోవడం ఇక్కడే ప్రమాదం. పాఠశాలల్లో పీఈటీ మాస్టార్లు ఇది తప్పక తెలుసుకోవాలి: వేలితో నొక్కితే ఒకే బిందువులో నొప్పి పుడుతోందని, ఆట ఆపినా తగ్గట్లేదని చెప్పే పిల్లల్ని ఆ రోజు పరుగు పెట్టించకూడదు. ఆడపిల్ల అయితే నెలసరి సరిగా వస్తోందా, కడుపునిండా తింటోందా అన్నది కూడా అడగాలి. చేసే కసరత్తుకు సరిపడా తిండి లేకపోతే నెలసరి తప్పుతుంది, ఎముక పలచబడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ పరిస్థితికి ఒక పేరే పెట్టి శిక్షకులను హెచ్చరించింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరిగెడితే సుమారు 10,000 అడుగులు పడతాయి, ఒక్కో పాదానికి 5,000. పరుగులో నేల తిరిగి తోసే బలం ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. రెండున్నర రెట్లు అనుకుంటే అడుగుకు 150 కిలోలు. మొత్తం కలిపితే ఒక్క పాదం మీద 750 టన్నులు. ఆరోగ్యంగా ఉన్న పాదం దీన్ని మోసి, మర్నాడు మళ్ళీ మోయడానికి సిద్ధమవుతుంది. కాబట్టి నాకు ఆశ్చర్యం కలిగించేది పాదం దెబ్బతినడం కాదు, ఇన్ని రోజులు దెబ్బతినకుండా ఉండడం.

దాని కట్టడం చూస్తే కొంత అర్థమవుతుంది. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. రెండు పాదాలూ కలిపితే ఒంట్లోని 206 ఎముకల్లో పావు వంతు ఇక్కడే. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి అడుగున ఒక గట్టి పొర పరుచుకుని ఉంటుంది, దాని పేరు ప్లాంటార్ ఫేషియా. 1954లో ఇంగ్లండుకు చెందిన జాన్ హిక్స్ దాని పనితనాన్ని చూపించాడు. అడుగు చివర మడమ లేచి బొటనవేలు పైకి వంగినప్పుడు ఈ పొర వేలి మొదలు చుట్టూ బిగుసుకుంటుంది. అరికాలి వంపు పైకి లేస్తుంది. అప్పటిదాకా మెత్తగా ఉన్న పాదం గట్టి మీటగా మారుతుంది. చెప్పులు విడిచి, నిలబడి, మీ బొటనవేలిని చేత్తో పైకి ఎత్తి చూడండి. వంపు లేవడం కంటికి కనిపిస్తుంది.

ఈ వంపు స్ప్రింగులా శక్తిని దాచి ఇస్తుందని 1987లో మెక్‌నీల్ అలెగ్జాండర్ బృందం నేచర్ పత్రికలో చూపించింది. 70 కిలోల మనిషి వేగంగా పరిగెడుతుంటే అడుగు అడుగుకూ చేతులు మారే సుమారు 100 జౌళ్ళ శక్తిలో మడమ వెనకున్న అక్కిలీస్ స్నాయువు 35 జౌళ్ళు, అరికాలి వంపు 17 జౌళ్ళు దాచి తిరిగిస్తాయని వాళ్ళ అంచనా. అంటే సగం పని కండరాలు చేయనక్కర్లేదు.

చదునుపాదం ఉన్నవాళ్ళు ఈ మాట విని బెంగపడనక్కర్లేదు. చిన్నపిల్లలందరి పాదాలూ మొదట చదునుగానే ఉంటాయి. వంపు ఏళ్ళ మీద ఏర్పడుతుంది. దీని మీద మన దేశంలోనే ఒక విలువైన పరిశీలన జరిగింది. మణిపాల్‌కు చెందిన రావు, జోసెఫ్ అనే ఎముకల వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలు చూసి 1992లో ఫలితాలు ప్రకటించారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదునుపాదం ఉంటే, వట్టికాళ్ళతో తిరిగేవాళ్ళలో అది 2.8 శాతమే. ముందు మూసి ఉన్న బూట్లు వేసుకునేవాళ్ళలో మరీ ఎక్కువ. వంపు తీరడంలో పాదం కండరాలు చేసే పనికి పాత్ర ఉందన్నమాట. ఇంట్లో, ఇసుకలో, గడ్డిలో పిల్లల్ని చెప్పుల్లేకుండా ఆడనివ్వమని అందుకే చెబుతాను.

ఇక నడక సంగతి. ఒక మడమ నేలను తాకిన క్షణం నుంచి అదే మడమ మళ్ళీ తాకేదాకా ఒక చక్రం. సుమారు ఒక సెకను. అందులో 60 శాతం సేపు ఆ కాలు నేల మీద, 40 శాతం గాల్లో. చక్రానికి రెండుసార్లు, పదేసి శాతం సేపు, రెండు కాళ్ళూ నేల మీదే ఉంటాయి. పరుగులో ఈ జంట ఆసరా పోతుంది, రెండు కాళ్ళూ గాల్లో తేలే క్షణం వస్తుంది. మడమ ఆనగానే పాదం కొద్దిగా లోపలికి ఒరుగుతుంది, వంపు దిగుతుంది, నేల ఎగుడుదిగుళ్ళకు పాదం ఒదుగుతుంది. తరవాత మళ్ళీ బయటికి తిరిగి గట్టిపడి తోస్తుంది. లోపలికి ఒరిగే ఈ కదలికనే ప్రొనేషన్ అంటారు. దీన్ని జబ్బుగా చెప్పి భయపెట్టే దుకాణాలు ఉన్నాయి. అది లేకపోతే పాదం అదురును తట్టుకోలేదు.

కంటికి ఇంత త్వరగా జరిగిపోయే పనిని ఆపి చూడాలన్న తపనలోంచే నడకశాస్త్రం పుట్టింది. 1870ల్లో పారిస్‌లో మారే అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యుడు కార్లే బూటు అడుగున గాలి గదులు పెట్టి, గొట్టాల ద్వారా ఒత్తిడిని కాగితం మీద గీతగా తెప్పించారు. 1891లో లైప్జిగ్‌లో బ్రౌనె, ఫిషర్ ఒక సైనికుడి ఒంటికి కాంతి గొట్టాలు కట్టి చీకట్లో నడిపించి ఫొటోలు తీశారు. ఆ కొలతల లెక్కలు తేలడానికి ఏళ్ళు పట్టింది. ఈ శాస్త్రాన్ని రోగి మంచం దాకా తెచ్చిన మనిషి జాక్వెలిన్ పెర్రీ. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి, తరవాత ఎముకల వైద్యురాలై, కాలిఫోర్నియాలోని రాంచో లాస్ అమిగోస్ ఆస్పత్రిలో పోలియో రోగులను చూశారు. కుంటుతున్నాడు అని రాసి ఊరుకోకుండా, చక్రంలో ఏ దశలో ఏ కండరం పని మానేసిందో చెప్పాలని పట్టుబట్టారు. ఆమె విడగొట్టిన ఎనిమిది దశలే ఇవాళ ప్రపంచమంతటా పాఠ్యం.

మంచి పాదవైద్య నిపుణుడి దగ్గరికి వెళ్తే పరీక్ష ట్రెడ్‌మిల్ మీద మొదలవదు, ప్రశ్నలతో మొదలవుతుంది. ఎంత దూరం నడుస్తున్నారు, ఈ నెలలో ఏం మారింది, బూట్లు ఎప్పుడు కొన్నారు, నొప్పి పొద్దున్నా రాత్రా. తరవాత అరికాలు చూస్తారు. ఆనెకాయలు ఎక్కడ కాచాయో అక్కడ బరువు ఎక్కువ పడుతోందని అర్థం. చీలమండ ఎంత వంగుతోంది, బొటనవేలు ఎంత లేస్తోంది, ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలరు. ఆ తరవాతే నడిపించడం, పరిగెత్తించడం. వెనక నుంచి మడమ, ముందు నుంచి మోకాలు, తుంటి. పక్క నుంచి పాదం మోకాలి కన్నా ఎంత ముందు పడుతోందో. సెల్‌ఫోను కెమెరాతో నెమ్మది వీడియో తీస్తే చాలావరకు తెలుస్తుంది. పెద్ద ప్రయోగశాలల్లో నేలలో బలాన్ని కొలిచే పలకలు, ఒంటి మీద మెరిసే గుర్తులు, వాటిని పట్టే పరారుణ కెమెరాలు ఉంటాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు శస్త్రచికిత్స నిర్ణయించడానికి ఆ కొలతలు నిజంగా కావాలి. మడమ నొప్పితో వచ్చిన పరుగు ప్రియుడికి సాధారణంగా అక్కర్లేదు.

ఒక జాగ్రత్త ఇక్కడ చెప్పాలి. నొప్పి ఉన్న మనిషి నడక నొప్పి వల్లే మారి ఉండవచ్చు. వీడియోలో కనిపించిన వంకరే నొప్పికి మూలమని వెంటనే తీర్మానించడం తప్పుదారి. 1950లు, 60ల్లో కాలిఫోర్నియాలో మెర్టన్ రూట్ అనే పాదవైద్యుడు పాదానికి ఒక ఆదర్శ స్థితి ఉందని, దాన్నుంచి తప్పిన ప్రతి పాదాన్నీ ఇన్‌సోలుతో సరిదిద్దాలని బోధించారు. పాదవైద్యాన్ని శాస్త్రంగా నిలబెట్టిన ఘనత ఆయనదే. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను కొలిస్తే వాళ్ళలోనూ ఆ ఆదర్శానికి సరిపోయేవాళ్ళు కొద్దిమందే. అరికాలి ఆకారాన్ని బట్టి బూట్లు కేటాయిస్తే గాయాలు తగ్గుతాయా అని అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళాల్లో వేలాది కొత్త జవాన్ల మీద పరీక్షించారు. ఆకారం చూసి ఇచ్చిన బూట్లకూ, అందరికీ ఒకే రకం ఇచ్చిన బూట్లకూ తేడా రాలేదు. కెనడాలోని కాల్గరీలో దశాబ్దాలు బూట్లనే పరిశోధించిన బెన్నో నిగ్, వేసుకున్నవాడి కాలికి హాయిగా ఉన్న బూటే మంచి బూటు అన్న నిర్ణయానికి వచ్చారు. ఇన్‌సోలు పనికిరాదని దీని అర్థం కాదు. నొప్పిపెట్టే చోటు నుంచి బరువును కొన్నాళ్ళు పక్కకు తప్పించడానికి అది మంచి సాధనం. జీవితాంతం మోయవలసిన ఊతకర్ర మాత్రం కాదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే మడమ శూలనే తీసుకోండి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మేకు గుచ్చినట్టు నొప్పి, నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకోవడం దీని లక్షణం. ఎక్స్‌రేలో మడమ కింద కొక్కెంలా ఎముక పెరిగి కనిపిస్తే అందరూ దాన్నే నిందిస్తారు. నొప్పి లేనివాళ్ళలో కూడా ఆ కొక్కెం ఉంటుంది. అసలు బాధ ప్లాంటార్ ఫేషియా మొదలు దగ్గర. చాలామందికి ఏడాదిలోపు తగ్గుతుంది, కానీ ఆ ఏడాది నరకం. డెన్మార్కులో రాత్‌లెఫ్ బృందం 2015లో ఒక చవకైన ఉపాయం ప్రకటించింది. వేళ్ళ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, మూడు సెకన్లలో మడమ ఎత్తి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దించాలి. రోజు విడిచి రోజు. మూడు నెలలకు ఇలా చేసినవాళ్ళు, పొరను సాగదీసే కసరత్తు మాత్రమే చేసినవాళ్ళకన్నా బాగా కోలుకున్నారు. ఆరు నెలలకు రెండు గుంపులూ సమానమయ్యాయి. కొన్నాళ్ళు ముందుగా సుఖం దొరికితే తక్కువేమీ కాదు. స్టెరాయిడ్ ఇంజెక్షను నొప్పిని త్వరగా తగ్గిస్తుంది, కానీ కొన్ని వారాలకే. పదేపదే వేస్తే ఆ పొర తెగే ముప్పుంది.

మడమ వెనక నొప్పికి కథ ఇంకా ఆసక్తికరం. స్వీడన్‌లో హాకన్ ఆల్ఫ్రెడ్సన్ అనే ఎముకల వైద్యుడికే అక్కిలీస్ నొప్పి వచ్చింది. శస్త్రచికిత్స చేయమంటే పై అధికారి ఒప్పుకోలేదట. పూర్తిగా పాడైతేనైనా చేస్తారని, నొప్పిని లెక్కచేయకుండా ఆ స్నాయువు మీద బరువు మోపుతూ కసరత్తు చేశారు. పాడవడానికి బదులు నయమైంది. 1998లో 15 మంది క్రీడాకారులతో అదే చేయించి ప్రకటించారు: మెట్టు అంచున మడమను నెమ్మదిగా కిందికి దించడం, మోకాలు చాపి కొన్ని, మడిచి కొన్ని, మొత్తం రోజుకు 180 సార్లు, 12 వారాలు. పదిహేను మందీ తిరిగి పరిగెత్తారు. అప్పటిదాకా చాలామంది విశ్రాంతే మందు అనుకునేవారు. స్నాయువుకు కొలత ప్రకారం బరువే మందు అని ఆ ప్రయోగం తేల్చింది. తరవాతి పరిశోధకులు ఆ లెక్కను సడలించారు, సూత్రాన్ని మాత్రం వదల్లేదు.

కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్ళకు చీలమండ బెణుకు మామూలు. పాదం లోపలికి మడతపడి బయటివైపు ఎముకలను కలిపే లిగమెంటు సాగుతుంది. ఇది బెణుకా, విరుపా అన్నది తేల్చడానికి 1992లో కెనడాలోని ఒటావాలో ఇయాన్ స్టీల్ బృందం సులువైన నియమాలు చెప్పింది. చీలమండ గుబ్బల వెనక అంచున, లేదా పాదం పక్క ఎముకల మీద నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనే, ఆస్పత్రిలో కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. అవేవీ లేకపోతే చాలావరకు అక్కర్లేదు. మొదటి రెండు రోజుల్లోనే నూనె రాసి గట్టిగా తోమి లాగించుకోవడం మన ఊళ్ళలో ఇంకా ఉంది. అది వాపును పెంచుతుంది. వాపు దిగాక ఒంటికాలి మీద నిలబడే సాధన మొదలుపెట్టాలి. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ బెణకడానికి పెద్ద కారణం, పాదం ఎక్కడుందో మెదడుకు చెప్పే సమాచారం మందగించడం. ఆ సాధన మానేసి బ్యాండేజీ కట్టుకుని మైదానంలో దిగే కుర్రాళ్ళను చూస్తే బాధేస్తుంది. కూచిపూడి నేర్చుకునే పిల్లల విషయంలోనూ తొందర పనికిరాదు. సిమెంటు, గ్రానైటు నేల మీద వట్టికాళ్ళతో గంటలకొద్దీ అడుగులు కొట్టిస్తున్నాం. చెక్కనేల అందరికీ సాధ్యం కాదు. గంటల్ని వారాల మీద మెల్లగా పెంచడం ఏ గురువుకైనా సాధ్యమే.

నొప్పి విలువ తెలియాలంటే వేలూరు వెళ్ళాలి. 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరిన పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. పాదం కుళ్ళిపోవడానికి కారణం కుష్ఠు క్రిమి మాంసాన్ని తినేయడమని అప్పటిదాకా అనుకునేవారు. బ్రాండ్ చూపించింది వేరు. స్పర్శ పోయిన పాదం మీద ఒకే చోట అడుగు తరవాత అడుగు పడి పుండు పడుతోంది. స్పర్శ ఉన్నవాళ్ళు చాలాదూరం నడిచాక తెలియకుండానే అడుగు మారుస్తారు, బరువును అటు ఇటు జరుపుతారు. స్పర్శ లేనివాడు మొదటి అడుగు ఎలా వేశాడో వెయ్యో అడుగూ అలాగే వేస్తాడు. బరువును పాదమంతటా పరిచే ప్లాస్టరు కట్టు, మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు అక్కడి వైద్యంలో భాగమయ్యాయి. ఇవాళ మన ఊళ్ళలో మడమ నొప్పికీ, షుగరుకూ కొనుక్కుంటున్న ఎంసీఆర్ చెప్పులు ఆ రబ్బరువే. షుగరు వల్ల స్పర్శ మందగించిన పాదానికీ ఇదే ప్రమాదం. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును అరికాలికి తాకించి తెలుస్తోందా అని అడిగే పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. మధుమేహం ఉన్నవాళ్ళు పరుగు కార్యక్రమాల్లో చేరేముందు ఇది తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం.

బ్రిటన్‌లో పోడియాట్రిస్టు అన్న పేరు పెట్టుకోవాలంటే చట్టప్రకారం నమోదై ఉండాలి. మన దేశంలో పాదవైద్యం విడి వృత్తిగా ఇంకా ఎదగలేదు. ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, షుగరు డాక్టరు తలా కొంత చూస్తున్నారు. దుకాణంలో ఉచితంగా చేసే పాదం స్కాను వీటిలో దేనికీ బదులు కాదు. అది ఇన్‌సోలు అమ్మడానికి పెట్టినది. నొప్పి రెండు వారాలు దాటినా, రాత్రి నిద్ర లేపుతున్నా, వాపు, తిమ్మిరి ఉన్నా డాక్టరును కలవండి. వెళ్ళేటప్పుడు కొత్త బూట్లు వేసుకోవద్దు. అరిగిన జత, ఇంట్లో వేసుకునే చెప్పులు సంచీలో పెట్టుకోండి. మడమ బయటి అంచు కొద్దిగా అరగడం అందరికీ ఉండేదే. కుడి ఎడమల మధ్య తేడా ఉంటే డాక్టరుకు అది పనికొస్తుంది. మోకాలిపైకి మడవగల దుస్తులు వేసుకోండి. గత ఆరు వారాల్లో ఏ రోజు ఎంత దూరం నడిచారో, పరిగెత్తారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి.